రొయ్య పెంకుతో బయోప్లాస్టిక్ ఫిల్మ్: పీలింగ్ షెడ్డు నుంచి కంపోస్ట్ పరీక్ష దాకా

బయోప్లాస్టిక్ అనగానే మన దగ్గర చాలామందికి మొక్కజొన్న పిండితో చేసిన కవరే గుర్తొస్తుంది. తిరుమలలో లడ్డూల కోసం 2021లో డీఆర్‌డీవో తెచ్చిన సంచులూ ఆ కోవకు చెందినవే. వాటితో నాకు పేచీ లేదు. కాకపోతే మొక్కజొన్న మనం తినేది, కోళ్లకు వేసేది. కవర్లకు మళ్లించే కొద్దీ తిండితో, మేతతో పోటీ మొదలవుతుంది. అందుకే ఆ పోటీ లేని ముడిసరుకు కోసం వెతుకులాట. వరిగడ్డి, పత్తి కట్టె, అరటి బోదె, మామిడి టెంక, చెరకు పిప్పి... చుట్టూ చాలానే ఉన్నాయి. నేను ఇక్కడ తీసుకున్నది రొయ్య పెంకు.

కారణం సులువే. చెరువు రొయ్యల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2009లో వనామి రొయ్య సాగు మొదలైనప్పటి నుంచి భీమవరం, కాకినాడ, నెల్లూరు, ఒంగోలు వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లు పెరిగాయి. రొయ్య బరువులో తల, పెంకు కలిపి దాదాపు సగం ఉంటాయి. తలలు చాలావరకు మేత తయారీకి పోతాయి. ఒంటి పెంకుకు మాత్రం అంత గిరాకీ లేదు. అందులోనే ఉంది కైటిన్, పెంకుకు గట్టిదనం ఇచ్చే నార లాంటి పదార్థం. దాన్ని కాస్త మారిస్తే కైటోసాన్ వస్తుంది. కైటోసాన్‌ను పలచటి యాసిడ్‌లో కరిగించి పళ్లెంలో ఆరబెడితే ఫిల్మ్ వస్తుంది.

ఇంత తేలికగా చెప్పేస్తే మోసం చేసినట్టే. చెత్తతో చేశాం కాబట్టి ఇది పర్యావరణానికి మంచిదే అనుకోవడం ఈ రంగంలో అందరూ పడే భ్రమ. పెంకు నుంచి కైటోసాన్ తీయడానికి యాసిడ్, కాస్టిక్ సోడా, బోలెడు నీళ్లు కావాలి. అవి చివరికి ఎక్కడికి పోతాయన్న దాన్ని బట్టే మీ ఫిల్మ్ మంచిదో చెడ్డదో తేలుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో దశలతో పాటు లెక్క కూడా నడుస్తుంది. అంతటికీ కొలమానం ఒక కేజీ ఎండు పెంకు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి మాట: కైటోసాన్ వేడికి కరగదు. అంటే వేడి చేస్తే మెత్తబడి పారదు, అంతకు ముందే మాడిపోతుంది. పాలిథిన్ కవర్లు ఊదే మెషీన్‌లో దీన్ని వేయలేరు. పళ్లెంలో పోసి ఆరబెట్టాలి, లేదంటే కాగితం మీద పూత వేయాలి. కిరాణా క్యారీబ్యాగ్ చేద్దామని మొదలుపెడితే ఇక్కడే ఆపేయండి, డబ్బు మిగులుతుంది.

రెండోది, ఇది గాలిలోని ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది కానీ నీటి ఆవిరిని ఆపలేదు. తడి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి పచ్చళ్ల ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు దీని పని కాదు. నూనె పీల్చని కాగితం, విత్తనాలు అతికించిన టేపు, నారు పెంచే కాగితపు కుండీ మీద పూత ఇలాంటివి దీనికి తగినవి. కడియం నర్సరీల్లో ప్రతి మొక్క కిందా ఒక నల్ల పాలిథిన్ సంచి ఉంటుంది. నాటేటప్పుడు దాన్ని చింపి పారేస్తారు. చిన్న నారు వరకైనా ఆ సంచి బదులు మట్టిలో కలిసిపోయే కుండీ ఇవ్వగలిగితే అది నిజమైన వాడకం. కైటోసాన్‌కు బూజును అడ్డుకునే గుణం కూడా ఉంది, నర్సరీలో అది అదనపు లాభం.

మూడోది మొహమాటం లేకుండా చెప్పాలి. ఇది రొయ్య నుంచి వచ్చిందని ప్యాకెట్ మీద రాయాల్సిందే. రొయ్య పడనివాళ్లకు అలర్జీ తెచ్చేది ప్రధానంగా అందులోని ప్రొటీన్. శుభ్రం చేయడంలో లోపముంటే అది మిగిలిపోతుంది. ఇక శాకాహారుల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రసాదం పెట్టే కాగితానికి ఈ పూత వేసి చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ మార్కెట్ కావాలంటే బూజు జాతి శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ దొరుకుతుంది, దాన్ని కొనుక్కోవాలి.

ఇంకొకటి. కింద 2 నుంచి 4 దశల్లో వాడేవి ఘాటైన యాసిడ్, వేడి కాస్టిక్. ఇంట్లో, వంటగదిలో, స్కూల్లో చేసే పనులు కావు. గాలి ఆడే ల్యాబ్, కెమిస్ట్రీ తెలిసిన మనిషి పక్కన, ముఖానికి షీల్డు, మోచేతి దాకా గ్లవ్స్, చేతికందేంత దూరంలో నీళ్ల కుళాయి ఉండాలి. అవి లేనివాళ్లు కైటోసాన్ రేకులు కొనుక్కుని నేరుగా 5వ దశకు వెళ్లండి. ఫిల్మ్ గురించి నేర్చుకోవాల్సింది అక్కడే ఎక్కువ.

1. పెంకు తేవడం, ఎండబెట్టడం

పీలింగ్ జరిగిన గంటల్లోనే పెంకు తెచ్చుకోవాలి. మర్నాటికి కంపు కొడుతుంది, అదొక్కటే కాదు, బ్యాక్టీరియా పని మొదలుపెట్టాక కైటిన్ నాణ్యత కూడా పడిపోతుంది. తలలు కలవని ఒంటి పెంకే కావాలని ప్లాంటువాళ్లతో ముందే మాట్లాడుకోండి. తలల్లో ప్రొటీన్, కొవ్వు ఎక్కువ, కైటిన్ తక్కువ. రొయ్యలు నల్లబడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ వాడి ఉంటారు కాబట్టి మంచినీళ్లలో రెండుసార్లు కడగండి. అతుక్కున్న మాంసం ముక్కలు, కాళ్లు తీసేయండి.

పచ్చి పెంకులో ముప్పావు వంతుకు పైగా నీళ్లే. నాలుగున్నర కేజీలు తెస్తే ఒక కేజీ ఎండు పెంకు వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే పెళపెళ విరిగేదాకా ఎండాలి. వానాకాలంలో ఎండను నమ్ముకోవద్దు, 60 డిగ్రీల డ్రయర్ వాడండి.

ఎండాక 1 నుంచి 2 మిల్లీమీటర్ల ముక్కలయ్యేలా దంచండి. మెత్తటి పొడి చేస్తే యాసిడ్ పోయగానే నురగ పొంగుతుంది, వడకట్టడం నరకం. మరీ పెద్ద ముక్కలైతే లోపలి సున్నం పోదు.

2. ప్రొటీన్ తీయడం

ఎండు పెంకులో మూడు పదార్థాలు కలిసి ఉంటాయి: సున్నపు ఖనిజాలు, ప్రొటీన్, కైటిన్. స్లాబులో ఇనుప చువ్వల చుట్టూ కాంక్రీటు బిగుసుకున్నట్టు కైటిన్ చుట్టూ మిగతా రెండూ పట్టుకుని ఉంటాయి. ఆ రెండింటినీ విడదీయాలి. ముందు ఏది అన్న దానిమీద వాదనలున్నాయి. నేను ప్రొటీన్ ముందు తీయమంటాను. యాసిడ్ కలవకముందు తీస్తే ఆ ప్రొటీన్ మరో పనికి వస్తుంది.

10 లీటర్ల నీళ్లలో 400 గ్రాముల కాస్టిక్ సోడా కరిగించండి. ఎప్పుడూ నీళ్లలోకే కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. ఒక కేజీ పెంకు వేసి 65-70 డిగ్రీల వద్ద 2 గంటలు కలుపుతూ ఉంచండి. ఈ వేడికి సోలార్ వాటర్ హీటర్ నీళ్లతో మొదలుపెడితే కరెంటు ఖర్చు తగ్గుతుంది. నీళ్లు టీ రంగులోకి మారతాయి. వంచేసి ఇంకోసారి చేయండి. ఈసారి నీళ్లకు రంగు దాదాపు రాకపోతే పని అయినట్టే.

ఇక్కడే మొదటి పొదుపు. రెండోసారి వాడిన కాస్టిక్ నీళ్లలో ఇంకా బలం ఉంటుంది. దాన్ని దాచి, తర్వాతి బ్యాచ్ కొత్త పెంకుకు మొదటిసారి నీళ్లుగా వాడండి. అప్పుడు బ్యాచ్‌కు 400 గ్రాములే ఖర్చవుతుంది, 800 కాదు. కడిగిన నీళ్ల విషయంలోనూ అదే పద్ధతి: ఈ బ్యాచ్ ఆఖరి కడుగు నీళ్లే వచ్చే బ్యాచ్‌కు మొదటి కడుగు నీళ్లు.

టీ రంగు నీళ్లలోకి యాసిడ్ కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ 4 - 4.5 దగ్గరకు తెస్తే ప్రొటీన్ విరిగిన పాలలా ముద్దగా అడుగుకు దిగుతుంది. గుడ్డలో వడగట్టి కంపోస్టుకు వాడొచ్చు. కాలువలోకి వదిలితే అదే ప్రొటీన్ కుళ్లి నీళ్లలో ఆక్సిజన్ లేకుండా చేస్తుంది. భీమవరం దగ్గర యనమదుర్రు డ్రెయిన్ ఇప్పటికే మోస్తున్న భారం చాలు.

3. సున్నం తీయడం

ఈ దశ లెక్క ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. కేజీ ఎండు పెంకులో సుమారు 400 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉందనుకుందాం. అది 4 మోల్‌లు (మోల్ అంటే కెమిస్ట్రీలో పదార్థాన్ని లెక్కపెట్టే కొలత). ఒక్కో మోల్‌కు 2 మోల్‌ల హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి, మొత్తం 8. ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్ ఉండే) యాసిడ్ 10 లీటర్లు తీసుకుంటే అందులో 10 మోల్‌లు ఉంటాయి. అంటే పావు వంతు అదనం. అంతకంటే ఎక్కువ పోస్తే వృథా, చివర్లో ఆ యాసిడ్ ఘాటు విరగ్గొట్టడానికి మళ్లీ కాస్టిక్ దండగ.

మార్కెట్లో దొరికే గాఢ యాసిడ్ సుమారు 950 మిల్లీలీటర్లను 9 లీటర్ల నీళ్లలోకి మెల్లగా పోస్తే ఈ 10 లీటర్లు తయారవుతాయి. పాత్ర ప్లాస్టిక్ డ్రమ్ము కావాలి. స్టీలు పాత్రను హైడ్రోక్లోరిక్ యాసిడ్ తినేస్తుంది.

ఇప్పుడు నురగ సంగతి. 4 మోల్‌ల సున్నం నుంచి మామూలు గది వేడిమిలో దాదాపు 100 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. యాసిడ్ అంతా ఒకేసారి పోస్తే డ్రమ్ములో సగం నేలమీద ఉంటుంది. 30 లీటర్ల డ్రమ్ము తీసుకుని, అరగంట పాటు దఫదఫాలుగా పోయండి. మూసిన గదిలో వద్దు. వేడి చేయొద్దు, 2 గంటలకు మించి ఉంచొద్దు. వేడి యాసిడ్ కైటిన్ అణువుల పొడవాటి గొలుసులను తెంచేస్తుంది, గొలుసులు పొట్టివైతే ఫిల్మ్ పెళుసవుతుంది.

కడిగిన పెంకు ముక్క ఒకటి తీసి దాని మీద తాజా యాసిడ్ చుక్క వేయండి. బుడగలు రాకపోతే సున్నం పోయింది. పీహెచ్ పేపర్ 7 చూపేదాకా కడిగి ఆరబెట్టండి. చేతిలో 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ లేత గులాబీ రంగు రేకులు మిగులుతాయి. అదే కైటిన్.

ఆ రంగును పోగొట్టడానికి బ్లీచింగ్ చేయమని కొన్ని చోట్ల రాస్తారు. వద్దు. బ్లీచ్ గొలుసులను తెంచుతుంది. పైగా యాసిడ్ ఆనవాళ్లున్న పదార్థానికి బ్లీచ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ప్రాణాంతకం. నారు కుండీ కాస్త గులాబీ రంగులో ఉంటే మొక్కకు వచ్చిన నష్టం లేదు.

యాసిడ్ బదులు లాక్టిక్ బ్యాక్టీరియాతో పులియబెట్టే పద్ధతి కూడా ఉంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అదే 8 మోల్‌ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ఆ మేరకు లాక్టిక్ యాసిడ్ అంటే 720 గ్రాములు, దానికి కనీసం అంతే బరువు చక్కెర కావాలి. బెల్లం వాడితే తిండి వద్దనుకుని బయల్దేరి మళ్లీ తిండి దగ్గరికే వచ్చినట్టు. చక్కెర మిల్లు మొలాసిస్ దగ్గరలో దొరికితే ఆలోచించొచ్చు. అప్పటికీ కొంత సున్నం, ప్రొటీన్ మిగిలే ఉంటాయి, చివర్లో కాస్త యాసిడ్, కాస్త కాస్టిక్ తప్పవు.

4. కైటిన్‌ను కైటోసాన్‌గా మార్చడం

ఉన్నవాటిలో ప్రమాదకరమైన దశ ఇదే. కైటిన్‌లో ఎసిటైల్ గుంపులు ఉంటాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఊడగొడితే అది పలచటి యాసిడ్‌లో బాగా కరుగుతుంది. ఊడగొట్టేది 50 శాతం కాస్టిక్ ద్రావణం, 100-110 డిగ్రీల వేడిలో, 2 నుంచి 4 గంటలు. ఒక చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. అల్యూమినియం పాత్ర, గరిటె ఏవీ దగ్గరకు రానివ్వొద్దు, కాస్టిక్ అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, మూత ఉండాలి. గాలి ఎంత తక్కువ తగిలితే గొలుసులు అంత తక్కువ తెగుతాయి.

200 గ్రాముల కైటిన్‌కు 2 లీటర్ల ద్రావణం పడుతుంది. 2 లీటర్లంటే సుమారు 3 కేజీల బరువు, అందులో కేజీన్నర కాస్టిక్ సోడా ఉంటుంది. అది కైటిన్‌తో నిజంగా ఖర్చయ్యేది చాలా కొంచెం, మిగతాదంతా అలాగే ఉంటుంది. దాన్ని పారబోయడం అంటే డబ్బును, కాలువను ఒకేసారి పాడుచేయడం. వేడిగా ఉండగానే స్టీలు జల్లెడలో వడకట్టి, తగ్గినంత కొత్త కాస్టిక్ కలిపి మళ్లీ వాడండి. కొన్నిసార్లు వాడాక బలం తగ్గి రంగు ముదిరినప్పుడు నీళ్లు కలిపి పలచన చేస్తే 2వ దశకు కావాల్సిన 4 శాతం కాస్టిక్ అవుతుంది. కైటోసాన్‌ను కడిగిన మొదటి నీళ్లూ అటే పోవాలి. అంటే యూనిట్‌లోకి కొత్త కాస్టిక్ ఈ దశ గుండానే ప్రవేశించాలి. ప్రొటీన్ దశకు విడిగా కాస్టిక్ కొంటున్నారంటే మీ ప్లాన్‌లో తప్పుంది.

అయిందా లేదా అన్నదానికి ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తారు. చేతిలో పరికరాలు లేకపోతే కడిగి ఆరబెట్టిన రేకు ఒక గ్రామును 1 శాతం ఎసిటిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లలో వేసి కలపండి. కొన్ని గంటల్లో తేనెలా చిక్కబడి తేటగా ఉంటే బాగుంది. జెల్లీ తునకలు తేలుతుంటే ఇంకో గంట ఉడకాలి.

చివరికి చేతికొచ్చే కైటోసాన్ 150 గ్రాములు అనుకోండి.

ఇక్కడ ఆగి ఉప్పు లెక్క చూద్దాం

2వ దశలో 400 గ్రాముల కాస్టిక్, అంటే 10 మోల్‌లు. యాసిడ్‌తో చల్లారిస్తే 584 గ్రాముల మామూలు ఉప్పు అవుతుంది. 3వ దశలో 4 మోల్‌ల కాల్షియం క్లోరైడ్, 444 గ్రాములు. రెండూ కలిపితే కేజీ పైచిలుకు. కేజీ ఎండు పెంకుకు కేజీ ఉప్పు, అదీ 150 గ్రాముల సరుకు కోసం. 4వ దశ కాస్టిక్‌ను కూడా పారబోసేవాళ్లయితే ఇంకో 2 కేజీలకు పైగా ఉప్పు కలపండి. నీళ్లు మొత్తం వంద లీటర్లు దాటతాయి.

బ్రోషర్లలో ఈ అంకె కనిపించదు. పీహెచ్ 7కు తెచ్చాం కాబట్టి కాలువలో వదిలేయొచ్చు అంటారు. పీహెచ్ 7 ఉన్న ఉప్పునీళ్లు వరిచేలో పెడితే ఏమవుతుందో కోస్తా రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పరిష్కారం పూర్తిగా లేదు, తగ్గించుకోవడమే ఉంది. పైన చెప్పిన తిప్పి వాడే పద్ధతితో మామూలు ఉప్పు తగ్గుతుంది. కాల్షియం క్లోరైడ్ మాత్రం తగ్గదు, ఎంత సున్నం ఉంటే అంత వస్తుంది. కాబట్టి ఆ నీళ్లను విడిగా పట్టండి. మిగతా వాటితో కలపకుండా ఉంచితే మట్టిరోడ్ల మీద దుమ్ము లేవకుండా చల్లడానికి కాల్షియం క్లోరైడ్ వాడతారు కాబట్టి కొనేవాళ్లు దొరికే అవకాశం ఉంది. ఎండలో ఇంకబెట్టి పొడి చేద్దామంటే కుదరదు, అది గాలిలో తేమ పీల్చుకుని పాకంలా ఉండిపోతుంది. ఒక యూనిట్ పెట్టేంత స్థాయికి వెళ్తే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి, అక్కడ మొదట అడిగేది ఈ నీళ్ల గురించే.

5. ఫిల్మ్ పోయడం

ఇక హాయిగా చేసుకునే పని. 2 శాతం కైటోసాన్ ద్రావణంతో మొదలుపెట్టండి. లీటరు నీళ్లలో 10 మిల్లీలీటర్ల ఎసిటిక్ యాసిడ్ కలిపి, 20 గ్రాముల కైటోసాన్ రేకులు మెల్లగా చల్లుతూ కలపాలి. ఒకేచోట కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. రాత్రంతా కలుపుతూ ఉంచి, పొద్దున్నే పల్చటి గుడ్డలో వడకట్టండి.

కైటోసాన్ ఒక్కటే పోస్తే అప్పడంలా విరిగే ఫిల్మ్ వస్తుంది. మెత్తదనం కోసం గ్లిజరిన్ కావాలి, కైటోసాన్ బరువులో నాలుగో వంతు. లీటరుకు 5 గ్రాములు. ఎక్కువైతే ఫిల్మ్ జిడ్డుగా, సాగుతూ, తేమ పీలుస్తూ ఉంటుంది. బుడగలు పైకి తేలిపోయేదాకా కొన్ని గంటలు కదపకుండా ఉంచండి.

ఎంత పోయాలి? 20 × 30 సెంటీమీటర్ల పళ్లెంలో 50 మైక్రాన్ల ఫిల్మ్ కావాలనుకుంటే, సాంద్రత 1.4గా తీసుకుంటే 4.2 గ్రాముల గట్టి పదార్థం అవసరం. అందులో కైటోసాన్ 3.4 గ్రాములు, అంటే సుమారు 170 మిల్లీలీటర్ల ద్రావణం. పళ్లెంలో 3 మిల్లీమీటర్ల లోతు కూడా ఉండదు. కాబట్టి బల్ల ఒక పక్కకు కాస్త వంగినా ఒకవైపు మందం, ఒకవైపు పలుచన వస్తుంది. తాపీమేస్త్రి వాడే రసమట్టం ఒకటి కొనుక్కోండి, ఈ ల్యాబ్‌లో పెట్టిన ఖర్చులన్నింటిలో అదే మేలైనది. పళ్లెం యాక్రిలిక్ లేదా పాలిప్రొపిలీన్ అయితే ఫిల్మ్ సులువుగా ఊడుతుంది. గాజుకు పట్టుకుంటుంది.

40-45 డిగ్రీల వద్ద ఒక రోజు ఆరబెట్టండి. తొందరపడి 70 డిగ్రీలు పెడితే పైపొర ముందే గట్టిపడి లోపల తడి చిక్కుకుంటుంది, అంచులు ముడుచుకుంటాయి. ఈ లెక్కన 150 గ్రాముల కైటోసాన్‌తో ఏ4 కాగితమంత ఫిల్ములు 45 దాకా వస్తాయి.

6. నీళ్లకు నిలిచేలా చేయడం

ఇప్పుడు ఊడదీసిన ఫిల్మ్ నిజానికి కైటోసాన్ ఎసిటేట్. నీళ్లలో వేస్తే జెల్లీ అయిపోతుంది. వెనిగర్ వాసన కూడా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి పనికిరాదని వదిలేస్తారు.

4 శాతం కాస్టిక్ ద్రావణంలో (దీనికీ పైన చెప్పిన గ్లవ్స్, షీల్డు తప్పవు) కొన్ని నిమిషాలు ముంచి, పీహెచ్ 7 వచ్చేదాకా కడగండి. లోపలి యాసిడ్ పోయి మళ్లీ నీటిలో కరగని కైటోసాన్ అవుతుంది. అయితే ఒక తిరకాసు ఉంది: కడిగే నీళ్లతో పాటు గ్లిజరిన్ కూడా బయటికి పోతుంది. అందుకే చివర్లో 3-5 శాతం గ్లిజరిన్ కలిపిన నీళ్లలో ఒక గంట నానబెట్టండి. తర్వాత నాలుగు అంచులూ ఫ్రేముకు క్లిప్పులతో బిగించి ఆరబెట్టాలి. వదులుగా ఆరేస్తే ముడుచుకుని చిన్నదైపోతుంది.

ఇంకా గట్టిదనం కావాలంటే వరిగడ్డి గుజ్జు నుంచి తీసిన సన్నటి సెల్యులోజ్ నార 5-10 శాతం కలపొచ్చు. గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయడానికి సిట్రిక్ యాసిడ్ వాడతారు. గ్లుటరాల్డిహైడ్ గురించి కూడా పరిశోధన పేపర్లలో చదువుతారు. బాగా పనిచేస్తుంది, కానీ విషపూరితం. మట్టిలో కలవాల్సిన వస్తువులో దానికేం పని?

నారు కుండీ కోసమైతే ఫిల్మ్ అక్కర్లేదు. అదే ద్రావణాన్ని క్రాఫ్ట్ పేపర్‌కు బ్రష్‌తో రెండు పూతలు వేసి, ఆరాక కుండీగా మడవండి. తక్కువ కైటోసాన్‌తో ఎక్కువ వస్తువులు వస్తాయి. బలం కాగితం ఇస్తుంది, బూజు ఆపడం పూత చూసుకుంటుంది. కేజీకి కేజీ లెక్కన పాలిథిన్ ధరతో కైటోసాన్ ఎన్నటికీ పోటీపడలేదు. పూత దారిలో ఆ పోటీయే ఉండదు కాబట్టి వ్యాపారం చేయాలనుకునేవాళ్లకు నా సలహా ఇదే.

7. పరీక్షలు

పరీక్షకు ముందు అన్ని ముక్కలూ ఒకే తేమలో ఉండాలి. మూత ఉన్న డబ్బాలో మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం ఒక గిన్నెలో పెడితే లోపల తేమ 53 శాతం దగ్గర నిలుస్తుంది. అందులో 2 రోజులు ఉంచండి. ఇది చేయకపోతే కాకినాడలో వచ్చిన ఫలితం హైదరాబాద్‌లో రాదు.

మందం: స్క్రూ గేజ్‌తో ఒక్కో ఫిల్మ్ మీద 9 చోట్ల కొలవండి.

బలం: 15 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, కింద సంచి కట్టి అందులో ఇసుక మెల్లగా పోస్తూ పోండి. 50 మైక్రాన్ల పట్టీ 2.3 కేజీల దగ్గర తెగితే బలం 30 మెగాపాస్కల్ ఉన్నట్టు. ఇది అంచనాకే. కాగితం మీద రాసుకోదగ్గ అంకె కావాలంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కేంద్ర ప్లాస్టిక్ సంస్థ సిపెట్‌కు పంపండి.

నీరు: ముక్కను తూచి, 24 గంటలు నానబెట్టి, అద్ది మళ్లీ తూచండి. పాత బరువుకు రెట్టింపు కంటే పెరిగితే 6వ దశ సరిగా జరగలేదేమో చూసుకోండి.

మట్టిలో పాతిపెట్టే పరీక్ష అందరూ ఇష్టంగా చేస్తారు, అందరూ తప్పుగానే చెబుతారు. నైలాన్ జాలీలో పెట్టి పాతండి, లేకపోతే తర్వాత ముక్కలు దొరకవు. పక్కనే ఒక పాలిథిన్ ముక్క, ఒక ఫిల్టర్ పేపర్ ముక్క కూడా పాతాలి. ఫిల్టర్ పేపర్ కూడా కుళ్లకపోతే మీ మట్టిలోనే జీవం లేదని అర్థం. ఒకవేళ ఫిల్మ్ మాయమైనా, కనిపించకుండా పోవడం వేరు, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారడం వేరు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 17088. దాని ప్రకారం కంపోస్టింగ్ పరిస్థితుల్లో 180 రోజుల్లోపు కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి మిగలకూడదు. మిగిలిన కంపోస్టులో మొక్కలు మామూలుగా మొలకెత్తాలి, భార లోహాలు హద్దు దాటకూడదు.

2022 జులై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం అమల్లోకి వచ్చింది. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మినహాయింపు ఉంది. కానీ ఆ పేరుతో క్యారీబ్యాగులు అమ్మాలంటే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. పెరట్లో పాతిన ఫొటోలు చూపించి ‘వంద శాతం బయోడిగ్రేడబుల్’ అని ముద్రించుకోవడం కుదరదు. ఆహారానికి తగిలే వస్తువైతే అందులోంచి ఏమేం ఆహారంలోకి దిగుతున్నాయో చూసే పరీక్షలు వేరే ఉంటాయి.

రొయ్యలు లేని ఊళ్లో

తెలంగాణలో, రాయలసీమలో పెంకు కోసం లారీ తిప్పడం అర్థం లేని పని. అక్కడ మామిడి టెంకలు ఉన్నాయి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర సీజన్‌లో గుట్టలుగా పడతాయి. టెంక లోపలి జీడిలో, ఎండు బరువు మీద, సగం దాకా పిండిపదార్థమే. కొవ్వు కూడా ఉంటుంది. దాన్ని సౌందర్య సాధనాల కోసం తీసే పరిశ్రమ ఉంది, కాబట్టి కొవ్వు తీసిన తర్వాతి పిండి తీసుకోవడం మేలు.

జీడిని 0.2 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే నల్లబడుతుంది. రుబ్బి, గుడ్డలో వడకట్టి, తెల్లటి పిండి అడుగుకు దిగేదాకా ఉంచి పైనీళ్లు వంచేయాలి. వగరు పోయేదాకా ఇలా కడగాలి. 5 గ్రాముల పిండి, 100 మిల్లీలీటర్ల నీళ్లు, ఒకటిన్నర గ్రాముల గ్లిజరిన్ కలిపి 85-90 డిగ్రీల వద్ద పావుగంట కలియబెడితే గంజిలా చిక్కబడుతుంది. పళ్లెంలో పోసి ఆరబెట్టడం పైన చెప్పినట్టే. ఇందులో యాసిడ్ లేదు, కాస్టిక్ లేదు, కాబట్టి స్కూలు పిల్లలతో పెద్దవాళ్ల పర్యవేక్షణలో చేయించొచ్చు. ఒకటే జాగ్రత్త: మెటాబైసల్ఫైట్ ఘాటు ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. ఈ ఫిల్మ్ కైటోసాన్ కంటే బలహీనం, నీళ్లకు ఇంకా త్వరగా లొంగుతుంది.

వరిగడ్డి నుంచి సెల్యులోజ్ తీసేవాళ్లు మాత్రం 2వ దశ లెక్కను మళ్లీ ముందేసుకోవాలి. గడ్డిని కాస్టిక్‌లో ఉడికిస్తే వచ్చే నల్లనీళ్లలో గడ్డి నారను అంటిపెట్టే లిగ్నిన్‌తో పాటు ఇసుక లాంటి సిలికా కూడా ఉంటుంది, వరిగడ్డిలో అది మరీ ఎక్కువ. కాగితం మిల్లుల్లో నల్లనీళ్లను చిక్కబరిచి మండించి కాస్టిక్ తిరిగి రాబట్టుకుంటారు, సిలికా ఆ పైపుల్లో, బాయిలర్లలో పెచ్చులు కట్టి ఇబ్బంది పెడుతుంది. చిన్న యూనిట్‌లో ఆ ఏర్పాటే ఉండదు కాబట్టి, గడ్డి ఎంత ఉచితంగా దొరికినా, నల్లనీళ్లకు ట్యాంకు ఎక్కడ కడతారో తేల్చుకున్నాకే పొయ్యి వెలిగించండి.